ఒక తెలుగు మాటకు రెండు ఇంగ్లీషు మాటలు: సంతకమునకు ముందు తెలుసుకొనవలసిన తేడాలు

పావగడ తాలూకాలో చాలా ఇండ్లలో మాట్లాడుకొనునది తెలుగు. తాలూకా కచేరి నుండి, నాడకచేరి నుండి వచ్చు కాగితములు కన్నడములో ఉండును. మడకశిర, హిందూపురము, కల్యాణదుర్గము వైపు పొలములు, చుట్టరికములు ఉన్నవారికి తెలుగు కాగితములును వచ్చును. ఇవి రెండును కాక బ్యాంకు, బీమా, ఆసుపత్రి, కళాశాల, సోలార్ పార్కు వారి పత్రములు ఇంగ్లీషులో వచ్చును. కన్నడము చదవలేనివారు చదివినవారిని అడుగుదురు. ఇంగ్లీషు విషయములో మాత్రము అడుగకయే సంతకము చేయువారు ఎక్కువ. లీజు, లోను, నామినీ, అడ్వాన్సు, సబ్సిడీ అను మాటలు నోటికి అలవాటైనవి గనుక అర్థము తెలిసినట్లే తోచును.

చిక్కు అక్కడనే ఉన్నది. మనము ఒక్క మాటతో చెప్పుకొను దానికి ఇంగ్లీషులో రెండు మూడు మాటలుండును. అవి దగ్గరి అర్థము గలవే అయినను, ఒకదాని చోట మరియొకటి పడినచో పొలము ఎవరిది, అప్పు ఎవరు తీర్చవలెను, డబ్బు ఎవరికి చేరవలెను అన్న లెక్క మారిపోవును. సరిహద్దు పల్లెల కుటుంబములకు తరచుగా ఎదురగు అట్టి మాటల తేడాలు ఈ క్రింద ఇవ్వబడినవి.

1. భూమికి సంబంధించిన మాటలు

*లీజు, రెంటు*

రెండింటికిని మనము బాడుగ అనియో, గుత్త అనియో అందుము. రెంటు అనగా ఇల్లు, పొలము, యంత్రము వాడుకొన్నందుకు ఇచ్చు సొమ్ము. లీజు అనగా ఆ వాడుకను నిర్ణీత కాలమునకు అప్పగించు ఒప్పందము. లీజులో రెంటు ఒక భాగము మాత్రమే. గడువు, షరతులు, గడువు తీరిన పిమ్మట స్థలమును ఏ స్థితిలో తిరిగి ఇవ్వవలెను అన్నవి మిగిలిన భాగములు.

దీనికి మన తాలూకాలోనే పెద్ద ఉదాహరణము కలదు. తిరుమణి, వల్లూరు, బలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసినది. 2018 మార్చి 1న దీని మొదటి దశ ప్రారంభమైనది. ఇందుకై రైతుల పొలములను కొనలేదు, లీజుకు తీసుకొన్నారు. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకు ఒకసారి 5 శాతము పెంపు అన్నది ఆ లీజు లెక్క. అనగా మొదటి పెంపుతో 22,050 రూపాయలు, రెండవ పెంపుతో 23,152 రూపాయల 50 పైసలు అగును. ఏటేటా చేతికి వచ్చు ఆ సొమ్ము రెంటు. ఇన్నేండ్లకు, ఈ షరతులతో అని వ్రాసుకొన్న పత్రము లీజు. "రెంటు వచ్చుచున్నది గదా" అని లీజు పత్రము నకలు దాచుకొననివారు, గడువు, పెంపు, తిరిగి అప్పగింత గురించి రేపు మాట వచ్చినపుడు చూపుటకు ఏమియు లేక నిలువవలసి వచ్చును.

ఏడాదికి మించిన కాలమునకు వ్రాయు స్థిరాస్తి లీజును రిజిస్టరు చేయించవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. పట్టణములలో ఇంటి ఒప్పందములు 11 నెలలకు వ్రాయుట వెనుక ఉన్న కారణము ఇదియే.

*బెంగుళూరు వారి లీజు*

పావగడ నుండి బెంగుళూరుకు పనికి పోవు కుటుంబములు అక్కడ "లీజుకు ఇల్లు కలదు" అను బోర్డులు చూచుదురు. అక్కడ ఆ మాటకు అర్థము వేరు. పెద్ద మొత్తము ఒకేసారి ఇంటి యజమానికి ఇచ్చి, నెలనెలా బాడుగ లేకుండ కాపురముండి, ఖాళీ చేయునపుడు ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొందురు. కన్నడములో దీనిని భోగ్యము అందురు. తిరుమణిలో లీజు అనగా సొమ్ము యజమానికి ఏటేటా వచ్చి అతనికే మిగులును. బెంగుళూరులో లీజు అనగా యజమాని పుచ్చుకొన్న సొమ్మును తిరిగి ఇవ్వవలెను. ఆ ఇంటిపై అంతకు ముందే బ్యాంకు అప్పు ఉండి యజమాని కట్టనిచో, ఇచ్చిన మొత్తమునకే ముప్పు. కనుక భోగ్యమునకు సొమ్ము ఇచ్చునపుడు ఋణభార పత్రము చూచుట, వ్రాతమూలకమైన ఒప్పందము పొందుట తప్పనిసరి.

*సేల్ అగ్రిమెంటు, సేల్ డీడు*

మొదటిది "అమ్మెదను, కొనెదను" అను మాట ఒప్పందము. రెండవది అమ్మకము జరిగినట్లు రిజిస్టరైన పత్రము. అగ్రిమెంటు వలన మాత్రమే ఆస్తిపై హక్కు రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను చెప్పుచున్నది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పేరిట జరుపు అమ్మకముల వలన యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. ఆ పత్రము యజమాని తరఫున పని చేయుటకు ఇచ్చిన అధికారము మాత్రమే.

*రికార్డు, టైటిల్*

పహణిలో పేరున్నచో పొలము మనదే అనుకొందుము. పహణి రికార్డు. కర్ణాటక భూ కందాయ చట్టము ప్రకారము అందులోని వివరములు తప్పని రుజువగు వరకు సరియైనవిగా భావింపబడును. టైటిల్ అనగా యాజమాన్యపు హక్కు. అది క్రయపత్రము, భాగపత్రము, వారసత్వము, కోర్టు డిక్రీ వంటి వాని వలన వచ్చును. తండ్రి గతించిన పిమ్మట పౌతి ఖాతా చేయించుకొననివారికి హక్కు ఉండును, రికార్డులో పేరుండదు. పంట బీమా, బ్యాంకు అప్పు, నష్టపరిహారము వచ్చునపుడు పేరు లేనివారు వెనుకబడుదురు.

*"ఆర్" తోక, "ఈ" తోక*

పత్రములలో లెస్సర్, లెస్సీ అనునవి పక్కపక్కనే కనబడును. చివర "ఆర్" ఉన్నవాడు ఇచ్చువాడు, చివర "ఈ" ఉన్నవాడు పుచ్చుకొనువాడు. లెస్సర్ అనగా పొలమును లీజుకు ఇచ్చిన రైతు, లెస్సీ అనగా తీసుకొన్నవాడు. డోనర్ దానము ఇచ్చువాడు, డోనీ పొందువాడు. ఒక్క చోట మాత్రము చాలామంది తడబడుదురు. బ్యాంకులో పొలము తాకట్టు పెట్టినపుడు డబ్బు ఇచ్చునది బ్యాంకు గనుక "ఆర్" బ్యాంకే అనుకొందురు. ఇక్కడ లెక్కకు వచ్చునది డబ్బు కాదు, తాకట్టు. తాకట్టు ఇచ్చినవాడు రైతు, అతడు మార్ట్‌గేజర్. తాకట్టు పుచ్చుకొన్నది బ్యాంకు, అది మార్ట్‌గేజీ.

2. అప్పు మాటలు

*లెండ్, బారో*

తెలుగులో "అప్పు ఇచ్చుట", "అప్పు తీసుకొనుట" అని ఒకే మాటకు రెండు క్రియలు చేర్తుము. ఇంగ్లీషులో ఇచ్చుట లెండ్, తీసుకొనుట బారో. "ఐ బారోడ్ టెన్ థౌజండ్ ఫ్రమ్ హిమ్" అనినచో అతని వద్ద నేను తీసుకొంటిని. "ఐ లెంట్ టెన్ థౌజండ్ టు హిమ్" అనినచో అతనికి నేను ఇచ్చితిని. బారో వెంట ఫ్రమ్, లెండ్ వెంట టు వచ్చునని పిల్లలకు నేర్పిన చాలును. అప్పు పత్రములలో లెండర్ ఇచ్చినవాడు, బారోయర్ తీర్చవలసినవాడు.

*ఫ్లాట్ వడ్డీ, రెడ్యూసింగ్ వడ్డీ*

నూటికి నెలకు రూపాయి వడ్డీ అనగా ఏడాదికి 12 శాతము. అదే 12 శాతము రెండు విధములుగా లెక్కింపబడవచ్చును. 10,000 రూపాయలు తీసుకొని 12 నెలసరి కంతులలో తీర్చుచున్నారనుకొందము. ఫ్లాట్ పద్ధతిలో ఏడాది పొడవునను 10,000 మీదనే వడ్డీ గట్టి 1,200 రూపాయలు తీసుకొందురు. రెడ్యూసింగ్ పద్ధతిలో ప్రతి నెలా తీరిన అసలును తీసివేసి మిగిలిన దానిమీద మాత్రమే వడ్డీ వేయుదురు. అపుడు కంతు సుమారు 888 రూపాయల 50 పైసలు, మొత్తము వడ్డీ సుమారు 662 రూపాయలు. శాతము ఒకటే, చెల్లింపు దాదాపు రెట్టింపు. వడ్డీ ఎంత అని అడుగుటతో ఆగక, ఏ పద్ధతి అని కూడ అడుగవలెను.

*విట్‌నెస్, గ్యారంటర్, కో-అప్లికెంటు*

"ఒక సంతకము పెట్టప్పా, ఊరికే సాక్షికే" అని బంధువు వచ్చి అడుగును. సంతకము చోటున ఏ మాట అచ్చయి ఉన్నది అన్నదే ముఖ్యము. విట్‌నెస్ అనగా సాక్షి. పలానావారు తన ఎదుట సంతకము చేసిరని చెప్పువాడు. అప్పుతో అతనికి బాధ్యత లేదు. గ్యారంటర్ లేక ష్యూరిటీ అనగా జామీనుదారు. అప్పు తీసుకొన్నవాడు కట్టనిచో తాను కట్టెదనని ఒప్పుకొన్నవాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసుకొననంత వరకు, జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానము. బ్యాంకు ముందుగా బాకీదారునే పీడించి, ఆ పిమ్మటనే జామీనుదారు వద్దకు రావలెనను నియమము లేదు. కో-అప్లికెంటు అనగా సహ దరఖాస్తుదారు. అప్పు అతనిది కూడ. ఈ మూడు చోట్లను గుర్తించుటకు పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. సంతకము గీత క్రింద ఉన్న ఒక్క మాటను చదివించుకొన్న చాలును.

*వేవర్, రైట్-ఆఫ్*

రెండింటికిని మన పల్లెలలో మాఫీ అనియే అందురు. వేవర్ అనగా అప్పు తీర్చనక్కరలేదని విడిచిపెట్టుట. ఆంధ్రప్రదేశ్‌లో 2014లోను, కర్ణాటకలో 2018లోను ప్రకటింపబడిన రైతు ఋణమాఫీలు ఈ కోవకు చెందినవి. వానికిని హద్దులు, అర్హతలు ఉండెను. రైట్-ఆఫ్ అనగా రాని బాకీని బ్యాంకు తన లెక్కల పుస్తకములలో ఒక పద్దు నుండి తొలగించుకొనుట. బాకీదారు బాధ్యత తీరలేదు, వసూలు సాగును. "రైట్-ఆఫ్ అయినది" అని వచ్చిన ఉత్తరమును చూచి అప్పు తీరెనని సంతోషింపరాదు.

*అడ్వాన్సు, డిపాజిట్*

బెంగుళూరులో ఇంటికి ఇచ్చు అడ్వాన్సు నిజమునకు డిపాజిట్. ఖాళీ చేయునపుడు తిరిగి రావలెను. సరకుకో, పనికో ఇచ్చు అడ్వాన్సు ధరలో కలిసిపోవును. పొలము బేరములో ఇచ్చిన బయానా, కొనువాడు మాట తప్పినచో పోవు షరతుతో ఉండవచ్చును. రసీదులో అడ్వాన్సు అని మాత్రమే ఉన్నచో, తిరిగి వచ్చునదా, ధరలో చేరునదా అన్నది ప్రక్కన వ్రాయించుకొనవలెను.

3. కుటుంబపు మాటలు

*నామినీ, హెయిర్*

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నవారికే డబ్బు సొంతమని పల్లెలలో గట్టి నమ్మకము కలదు. నామినీ అనగా ఖాతాదారు మరణించిన పిమ్మట బ్యాంకు ఎవరి చేతికి సొమ్ము ఇచ్చి తన బాధ్యత తీర్చుకొనునో ఆ వ్యక్తి. హెయిర్ అనగా వారసుడు లేక వారసురాలు. ఆ సొమ్ములో హక్కు గలవారు. నామినీకి డబ్బు చేరినంత మాత్రమున తక్కిన వారసుల హక్కు పోదు. జీవిత బీమా గురించి సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో ఈ మాటే చెప్పినది. అయితే తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలుగా ఉన్న సందర్భమున వారికే లబ్ధి చెందునట్లు బీమా చట్టమునకు 2015లో సవరణ వచ్చినది. కనుక బీమా సొమ్ము గురించి తగవు వచ్చినపుడు న్యాయవాదిని అడిగి నడుచుకొనుట మేలు.

పెండ్లికి ముందు తల్లినో, అన్ననో నామినీగా వ్రాసి, పెండ్లి అయిన పిమ్మట మార్చనివారు ఎందరో కలరు. భర్త గతించిన తరువాత భార్య బ్యాంకుకు పోయి తన పేరు లేదని తెలిసికొనుట కంటె, ముందే ఒక ఫారము నింపి మార్పించుకొనుట సులభము.

*బ్రదర్, కజిన్*

మనకు పెదనాన్న కొడుకు అన్నయే, చిన్నాన్న కూతురు చెల్లెలే. ఇంగ్లీషు ఫారములో బ్రదర్, సిస్టర్ అనునవి ఒకే తల్లిదండ్రుల బిడ్డలకు వ్రాయు మాటలు. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త బిడ్డలందరు కజిన్లే. వంశవృక్షము చేయించునపుడు ఈ తేడా పాటింపనిచో, ఒక తండ్రికి లేని కొడుకు కాగితముపై పుట్టును. భూమి పంపకములో ఆ పేరును తొలగించుట కష్టము.

*సర్‌నేమ్, ఇనిషియల్*

ఆంధ్ర వైపు ఇనిషియల్ సామాన్యముగా ఇంటిపేరుది. కర్ణాటకలో అది ఊరి పేరుదో, తండ్రి పేరుదో కావచ్చును. పాస్‌పోర్టు ఫారములో సర్‌నేమ్ అనగా వంశనామము, గివెన్ నేమ్ అనగా పెట్టిన పేరు. ఒకే పిల్లకు హిందూపురములో చదివిన తరగతుల రికార్డులో ఇంటిపేరు పూర్తిగాను, పావగడలో తండ్రి పేరి మొదటి అక్షరము మాత్రమును ఉన్నచో, రెండు పత్రములు ఇద్దరివని అనుమానింతురు. పదవ తరగతి పత్రములో ఏ విధముగా ఉన్నదో అదే రూపమును ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకములలో కొనసాగించుట మంచిది.

4. పరిహారమునకు నాలుగు ముఖములు

కన్నడములోను, తెలుగులోను పరిహారము అను ఒక్క మాట పెక్కు సందర్భములలో వాడబడును. ఇంగ్లీషులో నాలుగు మాటలు కలవు.

రిలీఫ్ అనగా కరవు, వరద వంటి ఆపదలో ప్రభుత్వము ఇచ్చు సహాయము. దీనికి ప్రీమియము కట్టియుండనక్కరలేదు. క్లెయిమ్ అనగా బీమా చేయించుకొన్నవాడు నష్టము కలిగినపుడు ఒప్పందము ప్రకారము అడుగునది. కాంపెన్సేషన్ అనగా ఒకరి పని వలన కలిగిన నష్టమునకు, లేక తీసుకొన్న ఆస్తికి బదులుగా ఇచ్చునది. సబ్సిడీ అనగా విత్తనము, డ్రిప్ పరికరముల వంటి వాని ధరలో ప్రభుత్వము భరించు భాగము.

వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఈ తేడా తెలిసివచ్చును. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ఖరీఫ్ ఆహారధాన్యములకు, నూనెగింజలకు బీమా మొత్తములో 2 శాతము, రబీకి 1.5 శాతము, వాణిజ్య, తోట పంటలకు 5 శాతముగా నిర్ణయింపబడినది. ప్రీమియము కట్టినవారికే క్లెయిమ్. కట్టనివారు అడుగదగినది రిలీఫ్, అదియు ప్రభుత్వము తాలూకాను కరవు ప్రాంతముగా ప్రకటించినపుడు. విద్యుత్ తీగల స్తంభము పొలములో నాటినపుడు అడుగవలసినది కాంపెన్సేషన్. అర్జీలో తగిన మాట లేనిచో అది సంబంధము లేని విభాగమునకు పోయి, అక్కడనే పడియుండును.

5. నీటి మాటలు

*క్లియర్, క్లీన్, సేఫ్*

పావగడ బోరు నీరు చూచుటకు తేటగానే ఉండును. తేట నీరు క్లియర్. మురికి, చెత్త లేనిది క్లీన్. త్రాగుటకు హాని లేనిది సేఫ్. ఈ తాలూకా భూగర్భ జలములలో ఫ్లోరైడ్ సమస్య చిరకాలముగా ఉన్నది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కనుక నీరు క్లియర్, క్లీన్ అయియుండియు సేఫ్ కాకపోవచ్చును. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఆమోదయోగ్యము. వేరు నీటి వసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించుదురు.

*బాయిల్, ఫిల్టర్, ప్యూరిఫై*

కాచుట బాయిల్, దాని వలన క్రిములు చచ్చును, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరియైన కొలదియు మిగిలిన నీటిలో దాని పాలు కొంత పెరుగును. వడగట్టుట ఫిల్టర్, గుడ్డ వడపోత మట్టిని ఆపును గాని కరిగిన ఫ్లోరైడ్‌ను ఆపలేదు. ఆర్.ఓ. యంత్రము వంటివి చేయునది ప్యూరిఫై. "కాచి వడగట్టితిమి గదా" అని పసిబిడ్డలకు బోరు నీరు పట్టు తల్లులకు ఈ మూడు మాటల తేడా చెప్పవలసియున్నది. పిల్లల పండ్లపై మచ్చలకు, పెద్దల కీళ్ల నొప్పులకు, ఎముకల వంకరకు ఫ్లోరైడ్ కారణము కావచ్చును.

6. బడి, కళాశాల మాటలు

*మదర్ టంగ్, ఫస్ట్ లాంగ్వేజ్, మీడియం*

చేరిక ఫారములో ఈ మూడింటికిని వేర్వేరు గడులుండును. ఇంటిలో మాట్లాడు భాష మదర్ టంగ్. బడిలో ప్రథమ భాషగా చదువునది ఫస్ట్ లాంగ్వేజ్. గణితము, విజ్ఞానము మొదలగు పాఠములు చెప్పు భాష మీడియం. తెలుగు ఇంటి బిడ్డ కన్నడమును ప్రథమ భాషగా, ఇంగ్లీషు మీడియంలో చదువవచ్చును. అపుడు మూడు గడులలో మూడు భాషలు వ్రాయుటయే సరి. బడిలో కన్నడము చదువుచున్నదని మదర్ టంగ్ గడిలో కన్నడము వ్రాయనక్కరలేదు.

*పర్సెంటేజ్, పర్సెంటైల్*

పర్సెంటేజ్ అనగా నూటికి వచ్చిన మార్కులు. పర్సెంటైల్ అనగా పరీక్ష వ్రాసినవారిలో నూటికి ఎందరు ఆ విద్యార్థితో సమానముగానో, తక్కువగానో నిలిచిరను లెక్క. ఇంజినీరింగు ప్రవేశమునకు జరుగు జేఈఈ మెయిన్ ఫలితము పర్సెంటైల్‌లో వచ్చును. 90 పర్సెంటైల్ వచ్చిన పిల్లవానికి 90 మార్కులు వచ్చినట్లు కాదు. పది లక్షల మంది వ్రాసినచో 90 పర్సెంటైల్ వాని కంటె ముందు సుమారు లక్ష మంది ఉందురు. ఈ లెక్క తెలియక కళాశాల ఏజెంట్ల మాట నమ్మి ముందే డబ్బు కట్టు తల్లిదండ్రులు నష్టపోవుదురు.

*నేటివ్, రెసిడెంట్, లోకల్*

నేటివ్ పుట్టుక, వంశపు ఊరిని తెలుపును. రెసిడెంట్ నివాసమును తెలుపును. లోకల్ అను మాటకు ప్రవేశ, ఉద్యోగ నియమములలో ప్రత్యేకార్థము కలదు. ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యాంగము 371-డి అధికరణము క్రింద వచ్చిన ఉత్తర్వులలో లోకల్ అన్నది ప్రధానముగా ఏ ప్రాంతములో ఎన్నేండ్లు చదివిరి అన్నదానిపై ఆధారపడును. కర్ణాటక సి.ఇ.టి. ద్వారా ప్రభుత్వ సీట్లకు సాధారణముగా ఒకటవ తరగతి నుండి రెండవ పి.యు.సి. వరకు కనీసము ఏడేండ్లు ఈ రాష్ట్రములో చదివియుండవలెను. అమ్మమ్మ ఇల్లు దగ్గరని బిడ్డను కొన్నేండ్లు మడకశిరలోను, కొన్నేండ్లు పావగడలోను చదివించువారు ఈ ఏండ్ల లెక్క వ్రాసి ఉంచుకొనవలెను. లేనిచో బిడ్డ ఏ వైపుకును లోకల్ కాకుండ పోవు ప్రమాదము కలదు.

*క్యాస్ట్, క్యాటగిరీ*

క్యాస్ట్ కులము పేరు. క్యాటగిరీ ప్రభుత్వము ఆ కులమును చేర్చిన వర్గము. గీత దాటినచో కులము మారదు, వర్గము మారవచ్చును. నాయక, బేడ, వాల్మీకి కర్ణాటకలో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నవి. ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతములలో వాల్మీకి బోయలు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. అటునుండి ఇటు కోడలుగా వచ్చినవారు, ఇటునుండి అటు చదువుకు పోవువారు కులము గడిని, వర్గము గడిని వేర్వేరుగా చూచి నింపవలెను.

*టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్*

టి.సి. ఒక బడి విడిచి మరియొక బడికి పోవుటకు. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఒక బోర్డు లేక విశ్వవిద్యాలయము విడిచి మరియొక దానికి పోవుటకు. పావగడలో ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి హిందూపురములో ఇంటర్మీడియట్ చేరువారిని సామాన్యముగా రెండును అడుగుదురు.

7. పిల్లల నోటి మాటలు

ఇవి కాగితములకు సంబంధించినవి కాకున్నను ప్రతి ఇంటిలోను వినబడును. మనము సెలవు తీసుకొనునపుడు "వస్తాను" అందుము. పిల్లలు దానినే "ఐ విల్ కమ్" అందురు. విడిచి పోవునపుడు "ఐ యామ్ గోయింగ్" అనవలెను. చెవిన పడుట హియర్, శ్రద్ధగా వినుట లిసన్. కంట పడుట సీ, చూపు నిలుపుట లుక్, కదులుచున్న దానిని కనిపెట్టి చూచుట వాచ్. అందుచేతనే టీవీకి వాచ్. చదువు సాగించుట స్టడీ, నేర్చుకొనుట లర్న్, అక్షరములు చదువుట రీడ్. ఇక్కడికి తెచ్చుట బ్రింగ్, అక్కడికి తీసుకొనిపోవుట టేక్. కట్టడము హౌస్, మనవారు ఉన్న చోటు హోమ్.

సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు

పై మాటలన్నియు కంఠస్థము చేయనక్కరలేదు. ఏ ఇంగ్లీషు కాగితము ముందుకు వచ్చినను ఈ నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును.

ఇందులో ఇచ్చువారు ఎవరు, పుచ్చుకొనువారు ఎవరు?
ఎన్నాళ్ల వరకు, ఆ పిమ్మట ఏమగును?
మాట తప్పినచో ఎవరు భరించవలెను?
సంతకము గీత క్రింద తన పేరు ఏ హోదాలో ఉన్నది?

ఈ నాలుగింటికి జవాబు తెలుగులోనో, కన్నడములోనో చెప్పగలిగినవారు దొరకు వరకు కలము మూసి ఉంచుట తప్పు కాదు. ఇంటిలో కళాశాలకు పోవు బిడ్డ ఉన్నచో వాని చేతనే చదివింపవచ్చును. తెలియని మాటను అడుగుటకు బిడ్డయు సిగ్గుపడకుండునట్లు పెద్దలే ముందుగా అడిగి చూపవలెను. ప్రతి పత్రము నకలు ఒకటి ఇంటి పెట్టెలో, పహణి ప్రక్కన భద్రముగా ఉండవలెను.